పరిశోధన అందరికీ – 4వ పాఠం: క్యాంపస్ వైఫై ఆపేసి వెతకండి

పోయిన పాఠంలో పరిశోధన పత్రం తోటి నిపుణుల సమీక్ష దాటి జర్నల్‌లో అచ్చయ్యే దాకా చూశాం. ఈసారి అది పాఠకుల చేతికి చేరే దారి చూద్దాం. ఒకటే షరతు: ఈ పాఠాన్ని మొబైల్ డేటా మీదే చేయాలి. క్యాంపస్ నెట్‌లో చాలా జర్నళ్లు క్లిక్ చేయగానే తెరుచుకుంటాయి, చందా ఎవరో కడుతున్నారన్న సంగతే తట్టదు. గ్రంథాలయ శాస్త్ర కోర్సులైన బీలిబ్, ఎంలిబ్ ప్రాక్టికల్స్ ఎక్కువగా అక్కడే జరుగుతాయి. దాంతో చందా లేనివాళ్లకు తెర మీద ఏం కనిపిస్తుందో చూడకుండానే డిగ్రీ చేతికొచ్చేస్తుంది.

ఉట్నూరు వైపు పనిచేసే నర్సు ఒకామె శాఖా గ్రంథాలయానికి వచ్చి, సికిల్ సెల్ రక్తహీనత మీద ఫలానా పత్రం కావాలని అడిగిందనుకోండి. లింకు తెరిస్తే డాలర్లలో ధర కనిపిస్తుంది. కేంద్రం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించి, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000 అందులో ఉన్నాయి. మంచి పనే. కానీ అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించింది. శాఖా గ్రంథాలయానికి వచ్చిన ఈ నర్సుకు దానితో ఒరిగేదేమీ లేదు.

ఇక పనిలోకి దిగండి. పత్రం పూర్తి శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య గూగుల్ స్కాలర్‌లో వేయండి. ఫలితం కింద ఉండే 'అన్ని వెర్షన్లు' నొక్కితే, రచయిత తన విశ్వవిద్యాలయం సైట్‌లో పెట్టిన ప్రతి దొరకొచ్చు. వైద్య విషయమైతే పత్రాలను ఉచితంగా చదవనిచ్చే పబ్‌మెడ్ సెంట్రల్ తప్పకుండా చూడాలి. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే, చట్టబద్ధమైన ఉచిత ప్రతి దానికి దొరికినప్పుడు పచ్చ తాళం చూపిస్తుంది. దొరికింది ఏ ప్రతో పాఠకులకు చెప్పడం మన బాధ్యత. సమీక్ష అయ్యాక రచయిత దాచుకున్న ప్రతిలో విషయం దాదాపు అదే ఉంటుంది, పుటల సంఖ్యలు మాత్రం కలవవు. సమీక్షకు ముందటి ప్రతైతే, ముఖ్యంగా మందుల మోతాదుల దగ్గర, జాగ్రత్తగా చదవమని హెచ్చరించాలి.

ఇవేవీ ఫలించకపోతే రచయితకే మెయిల్ రాయండి. చిరునామా సాధారణంగా సారాంశం పేజీలోనే ఉంటుంది. 'మా గ్రంథాలయ పాఠకురాలు నర్సు. ఆమె పనికి మీ పత్రం కావాలి. ఒక ప్రతి పంపగలరా?' అంటే చాలు. మొహమాటం అక్కర్లేదు, తమ పత్రాన్ని ఎవరో చదువుతామంటే సంతోషించే రచయితలే ఎక్కువ.

చందా పత్రాలను ప్రచురణ సంస్థల అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైట్ సంగతి అడుగుతారని తెలుసు. 2020 చివర్లో ప్రచురణ సంస్థలు దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. జర్నళ్ల ధరల మీద మీకున్న కోపం నాకూ ఉంది. అయినా ప్రభుత్వ గ్రంథాలయం కౌంటర్ మీద నుంచి ఆ దారి చూపించకూడదు.

సిద్ధాంత గ్రంథాలకైతే (పీహెచ్‌డీ థీసిస్‌లకు), విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి శోధగంగ సైట్ ఉంది. అధ్యాయాలు విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి. తెలుగు పరిశోధనల కోసం తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ వెతకండి.

అభ్యాసం: మీ జిల్లాకు సంబంధించిన ఒక సమస్య తీసుకుని, దాని మీద ఐదు పత్రాలు ఎంచుకోండి. ఏది ఏ దారిన దొరికిందో, ఏది అసలు దొరకలేదో రాసుకోండి. దొరకని వాటి ధర కూడా వేయండి. ఆ కాగితం దగ్గరుంచుకోండి, రచయితల నుంచి డబ్బు తీసుకునే జర్నళ్ల గురించి చెప్పే 5వ పాఠంలో దానితోనే పని.