చవక ఇయర్‌ఫోన్స్: పీసులో లోపమా, డబ్బా మీద అబద్ధమా?

చెన్నై షోలింగనల్లూరు పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లల్లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "అన్నా, యూట్యూబ్‌లో అందరూ సూపర్ అన్నారు, నాకేమో ఇలాంటిది వచ్చింది." వెయ్యి, పదిహేను వందల ధరలో ఇప్పుడు డిజైన్‌కి పెద్దగా వంక పెట్టలేం. గొడవంతా పీసుకీ పీసుకీ మధ్య తేడాతోనే. ప్రతి పీసునీ కొలవకుండా లాట్‌లో కొన్నిటిని చూసి పంపేస్తే, మిగిలిన చెకింగ్ కొన్నవాడి నెత్తిన పడుతుంది. దాన్ని రిటర్న్ గడువులోపే చేసుకోవాలి.

ఒక పక్క సౌండ్ తక్కువగా వస్తోంది

ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఇదే, ఎక్కువ కారణాలున్నదీ దీనికే. ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆడియో బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో చూడండి. ఎప్పుడో వేలు తగిలి పక్కకు జరిగి ఉంటే సమస్య అక్కడితో సరి.

పాట పెట్టి పరీక్షించకండి. పాటలో ఒక వాయిద్యాన్ని ఎడమకీ ఇంకోదాన్ని కుడికీ సర్ది మిక్స్ చేస్తారు కాబట్టి ఏమీ తేలదు. ఒకే మనిషి చదివే వార్తలు పెట్టండి. గొంతు సరిగ్గా మధ్యలో వినపడాలి. ఒక పక్కకు లాగుతుంటే ఎడమ బడ్ కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో పెట్టి మళ్లీ వినండి. తక్కువ సౌండ్ కూడా చెవి మారిందంటే లోపం పీసులో ఉంది. అదే చెవిలో ఉండిపోతే గుబిలి అడ్డుందేమో, రబ్బరు టిప్ సరిగ్గా కూర్చోలేదేమో చూసుకోండి. రెండు చెవులూ ఒకే సైజు కానక్కర్లేదు. ఒకదానికి మీడియం, ఇంకోదానికి లార్జ్ టిప్ పట్టడం మామూలే.

వైరు ఊడదీయగలిగే రకమైతే ఎడమ వైపు వైరు కుడి బడ్‌కీ, కుడి వైపుది ఎడమ బడ్‌కీ తగిలించి చూడండి. లోపం వైరుతోపాటు జరిగితే కొత్త వైరు కొంటే చాలు, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. వైరు బడ్‌కి తగిలే కనెక్టర్ 0.78 మిల్లీమీటర్ల టూ-పిన్నా, గుండ్రంగా తిరిగే ఎంఎంసీఎక్సా అన్నది చూసుకుని వెళ్లండి, లేకపోతే రెండోసారి తిరగాలి.

వైరుది కాకపోతే బడ్ మూతి మీదున్న సన్నటి జాలీని అనుమానించండి. చెన్నై ఉక్కపోతకు చెమట తడి ఆ కన్నాల్లో పొరలా నిలబడిపోతుంది. ఫోన్ టార్చ్ కింద కాస్త ఏటవాలుగా పట్టి చూస్తే మూసుకుపోయిన కన్నాలు తళతళమంటాయి. మూతి నేల వైపు ఉండేలా పట్టుకుని ఎండిన మెత్తటి బ్రష్‌తో మెల్లగా దులపాలి, అప్పుడే చెత్త లోపలికి కాకుండా కిందికి రాలుతుంది. పిన్నుతో పొడవకండి, శానిటైజర్ పోయకండి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో రాత్రంతా ఉంచండి. తెల్లారి సౌండ్ తిరిగొస్తే అది తడి పనే.

ఇంత చేసినా తేడా పోకపోతే రెండు డ్రైవర్లకూ, అంటే లోపల సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్లకూ, జత కుదరలేదని అర్థం. ఒక డెసిబెల్ తేడాను చాలామంది పట్టుకోలేరు, మూడు డెసిబెల్స్ ఉంటే గొంతు పక్కకు జరిగిపోతుంది. బ్యాలెన్స్ సెట్టింగ్‌తో సర్దుకుపొమ్మని కస్టమర్ కేర్ సలహా ఇస్తుంది. ఒప్పుకోకండి. ఈ తేడా బేస్‌లో ఒకలా, ట్రెబుల్‌లో ఒకలా ఉంటుంది కాబట్టి బ్యాలెన్స్‌తో పూర్తిగా సర్దుకోదు. రీప్లేస్‌మెంట్ అడగండి.

చెవిలో పెట్టేటప్పుడు చిటుక్కుమనడం మాత్రం గాలి ఒత్తిడికి డ్రైవర్ పొర వంగడం వల్ల. ఆ తర్వాత సౌండ్ తగ్గకపోతే పట్టించుకోనక్కర్లేదు.

నాయిస్ క్యాన్సిలేషన్ అన్నారు, ఏమీ ఆగట్లేదు

డబ్బా మళ్లీ చదవండి. ఈఎన్‌సీ అని ఉంటే అది మీ చెవికి కాదు, మైక్‌కి. మీ చుట్టూ ఉన్న గోల అవతలి మనిషికి తగ్గుతుంది, మీకు కాదు. చెవికి పనికొచ్చేది ఏఎన్‌సీ. రెండిటికీ ఒక్క అక్షరమే తేడా, ఆ తేడా జనం గమనించరన్న ధీమాతోనే పెద్దక్షరాల్లో వేస్తారని నా అనుమానం. నిజంగా ఏఎన్‌సీ ఉన్నా అది ఎక్కువగా ఆపేది ఒకే తీరున సాగే లోతైన హోరునే. తాంబరం లోకల్ ట్రైన్‌లో మోటారు హోరు తగ్గుతుంది, సమోసాలమ్మేవాడి కేక తగ్గదు. టిప్ వదులుగా ఉంటే హోరు కూడా తగ్గదు.

40 గంటల బ్యాటరీ నాలుగు గంటలకే అయిపోతోంది

ఇది లోపం కాదు, లెక్క. కేసుతో ఎన్నిసార్లు ఛార్జ్ అవుతుందో అన్నీ కలిపి, సౌండ్ సగంలో పెట్టి, ఏఎన్‌సీ ఆపి వేసిన అంకె అది. ఒక్క ఛార్జ్‌కి ఎంతసేపో చిన్నక్షరాల్లో వెతకండి. ఒక బడ్ మాత్రమే త్వరగా ఆగిపోతుంటే కేసు అడుగునున్న పిన్నుల్ని పొడి దూదితో తుడిచి చూడండి.

పాట బాగుంది, ఆఫీసు కాల్‌లో మాత్రం నూతిలోంచి వస్తున్నట్టుంది

బ్లూటూత్ మైక్ ఆన్ అయితే లాప్‌టాప్ మామూలుగా హెడ్‌సెట్ ప్రొఫైల్‌కి మారుతుంది, అందులో సౌండ్ మోనో, నాణ్యత తక్కువ. బ్రాండ్ తప్పు కాదు. మైక్‌గా లాప్‌టాప్‌దే ఎంచుకుని, స్పీకర్‌గా ఇయర్‌ఫోన్స్ ఉంచండి.

వాటర్‌ప్రూఫ్ అని కొన్నాను, వారంటీలో నీళ్లు పడ్డాయని తిప్పి పంపారు

ఐపీఎక్స్4 అంటే చిందే నీటికి తట్టుకుంటుందని మాత్రమే. పరీక్ష చేసేది మంచినీళ్లతో, మన చెమటలో ఉప్పుంటుంది. కేసుకి చాలాసార్లు ఆ మాత్రం రక్షణ కూడా ఉండదు. జిమ్ నుంచి రాగానే తుడవకుండా కేసులో పడేయకండి.

రివ్యూలో విన్నదానికీ నా చేతికొచ్చినదానికీ పోలికే లేదు

రివ్యూ చేసేవాళ్లకి పంపే పీసు ఏరి పంపినదై ఉండొచ్చు. అదే పేరుతో లోపలి డ్రైవర్ మార్చేసి అమ్మడం కూడా జరుగుతుంది. అందుకే పాత రివ్యూలు వదిలేసి తాజాగా రాసినవి, అందులోనూ మూడు స్టార్ల వాళ్లవి చదవండి. ఐదు స్టార్లు ఇస్తే క్యాష్‌బ్యాక్ అనే కార్డు డబ్బాలో కనిపించిందా, ఆ రేటింగ్‌ని ఇక నమ్మక్కర్లేదు. ఎంఆర్‌పీ 4,999 కొట్టేసి 999 అని రాస్తే ఎనభై శాతం మిగిలిందని మురిసిపోవద్దు. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దే గానీ వస్తువు విలువ కాదు. హై-రెస్ వైర్‌లెస్ ముద్ర ఎల్‌డ్యాక్ లాంటి కోడెక్‌ని, అంటే బ్లూటూత్‌లో సౌండ్‌ని కుదించి పంపే పద్ధతిని, నమ్ముకుని వేసేది. ఐఫోన్‌లో ఎల్‌డ్యాక్ లేదు, కాబట్టి ఐఫోన్ వాళ్లు దాని కోసం అదనంగా పెట్టే డబ్బు దండగ.

వైర్‌లెస్ వాటి డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. వేరే కంపెనీ పేరో, వేరే వస్తువో వస్తే సీల్ విప్పకుండానే వాపసు పంపేయండి.

గడువు దాటింది, కంపెనీ మెయిల్‌కి జవాబివ్వట్లేదు

1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. బిల్లు, డబ్బా, కంపెనీతో నడిచిన మెయిల్స్ దాచుకోండి. కొన్న రోజే ప్రకటన పేజీని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత ఆ పేజీలో మాటలు మారిపోవచ్చు.