తుఫాను గాలికి రేకుల షెడ్డు నిలవాలంటే పైకప్పును అడ్డ గోడలకు ఎలా కట్టాలి?

తుఫాను వెళ్లిన మర్నాడు ఏ ఊళ్లో అడిగినా రేకులు ఎగిరిపోయాయనే చెప్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే పొడవు గోడ లోపలికి వాలి ఉంటుంది, ట్రస్సులు (పైకప్పుని మోసే ముక్కోణపు చట్రాలు) ఒకే వైపుకి ఒరిగి ఉంటాయి. రేకుకి జె-బోల్ట్ (రేకుని కింది చట్రానికి పట్టే కొక్కెం బోల్టు) వేసి పని అయిపోయిందనుకుంటారు. అది గాలి పైకి లేపకుండా ఆపుతుంది, పక్క నుంచి నెట్టే గాలికి మాత్రం వేరే దారి కట్టాలి.

12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు ఉన్న మామూలు ఇటుక గోడల షెడ్డు తీసుకుందాం. కట్టడాల మీద గాలి భారం లెక్కకట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. మిగతా గుణకాలన్నీ పక్కన పెడితే, పొడవు గోడ పై సగం మీద పడే తోపు మూడు టన్నుల పైమాటే. అందులో సగం ఈ చివర అడ్డ గోడకి, అంటే వెడల్పు వైపు పొట్టి గోడకి, సగం ఆ చివర అడ్డ గోడకి చేరాలి, తలా టన్నున్నర. ఇది మరీ పెద్ద బరువేం కాదు, తొమ్మిది అంగుళాల గోడ తేలిగ్గానే మోస్తుంది. అసలు గోడ దాకా రానిస్తేనే కదా!

ముందు బెల్టు. నాలుగు గోడల మీదా ట్రస్సు కూర్చునే మట్టంలో కాంక్రీటు బెల్టు తెగకుండా చుట్టూ తిరగాలి, మూలల దగ్గర 12 మి.మీ. కడ్డీలు వంగి పక్క గోడలోకి కనీసం 600 మి.మీ. వెళ్లాలి. మూలల్లో పునాది నుంచి నిలువు కడ్డీ లేపండి. అడ్డ గోడలో తలుపు పెడితే మూలకి ఆనించి పెట్టకండి.

తర్వాత బ్రేసింగ్, అంటే ట్రస్సుల మధ్య వేసే ఏటవాలు కట్టు. ట్రస్సు కింది టై (అడుగున అడ్డంగా ఉండే కమ్మీ) మట్టంలోనే, బెల్టుతో సమానంగా, యాంగిల్‌తో (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీతో) ఇంటూ ఆకారంలో వేయండి. చివరి అరల్లో (రెండు ట్రస్సుల మధ్య జాగాల్లో) మాత్రమే వేసి వదిలేసేవాళ్లు ఉన్నారు, పొడవు గోడ మీది గాలికి అది చాలదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి అరలోనూ ఉండాలి. రెండు వైపులా ఏటవాలు తప్పనిసరి, ఎందుకంటే తుఫాను కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. రేకులే పలకలా పనిచేస్తాయి, బ్రేసింగ్ దండగ అని కొందరు వాదిస్తారు. సిమెంటు రేకు పెళుసు, దాని మీద ఈ భారం పెట్టనే కూడదు. స్టీలు రేకుకైనా అంచులన్నిటా లెక్క ప్రకారం స్క్రూలు పడితేనే ఆ బలం వస్తుంది, సైటులో అన్ని స్క్రూలు పడటం నేనెప్పుడూ చూడలేదు. కాబట్టి రేకుని లెక్కలోకి తీసుకోకండి, అంతే.

ఇక అందరూ పాడుచేసే చోటుకి వద్దాం. చివరి ట్రస్సు అడ్డ గోడకి అడుగు దూరంలో లోపలే ఆగిపోతుంది, లేదంటే అక్కడ ట్రస్సే పెట్టకుండా పర్లిన్లని (రేకుల కింద అడ్డంగా వేసే కమ్మీలని) గోడ గూళ్లలో దోపేస్తారు. బ్రేసింగ్ అంతా చక్కగా వచ్చి ఆ అడుగు ముందు ఆగిపోతుంది. టన్నున్నర తోపు అక్కడిదాకా వచ్చి గోడలోకి దిగే దారి లేక పర్లిన్లని పక్కకి వంచేస్తుంది. శ్రీకాకుళం వైపు 2018 తిత్లీ తర్వాత నేను చూసిన ఒక గోదాములో బ్రేసింగ్ చెక్కుచెదరలేదు, అడ్డ గోడ మీద ఒక్క పగులు లేదు, మధ్యలో ఆ అడుగే నలిగిపోయింది. చూసి చాలా బాధేసింది, ఎందుకంటే అక్కడ కావలసింది ఒక యాంగిల్, పది బోల్టులు.

అడ్డ గోడ బెల్టు మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా 65 మి.మీ. యాంగిల్ పడుకోబెట్టండి, చివరి బ్రేసింగులన్నీ దీనికే రావాలి. దాన్ని పట్టే 12 మి.మీ. బోల్టులు బెల్టు పోసేటప్పుడే, 600 మి.మీ.కి ఒకటి చొప్పున, కొక్కెం బెల్టు కడ్డీ కిందకి వెళ్లేలా పెట్టాలి. కాంక్రీటు గట్టిపడ్డాక డ్రిల్ చేసి దిగ్గొట్టే బోల్టు నేను ఒప్పుకోను. బోల్టులు జరగకుండా యాంగిల్ రంధ్రాలకు సరిపోయే చెక్క ఫర్మా చేయించండి, మరలకి గ్రీజు రాసి గుడ్డ చుట్టండి, పోసేటప్పుడు మేస్త్రీ పక్కనే నిలబడండి. ఇంత చేసినా ఒకటి రెండు తప్పుతాయి, అప్పుడు వెల్డర్ గ్యాసుతో రంధ్రం పొడుగు చేస్తానంటాడు. చేయనివ్వకండి! పొడుగు రంధ్రంలో బోల్టు జారుతుంది, ఒక్కొక్కటిగా జారితే భారమంతా మిగిలిన రెండు మూడింటి మీద పడుతుంది. తప్పక పొడుగు చేయాల్సి వస్తే బోల్టుకి సరిపోయే రంధ్రమున్న మందపాటి ప్లేటు పైన వేసి, యాంగిల్‌కి చుట్టూ వెల్డింగ్ పెట్టించండి.

బెల్టుకి వారం రోజులు నీళ్లు కొట్టాకే నట్లు బిగించండి. గోడ పైని ముక్కోణం భాగాన్ని కూడా పర్లిన్లకి క్లీట్లతో (చిన్న యాంగిల్ ముక్కలతో) పట్టించండి. సముద్రం దగ్గరైతే జింకు పూత బోల్టులే వాడి, ఏటా అక్టోబరుకి ముందు స్పానర్ పట్టుకుని ఎక్కి ఒక్కో నట్టు చూసుకోండి.