కొత్త టెక్నో రికార్డును డ్యాన్స్‌ఫ్లోర్ కోసం విని ఎంచుకోవడం ఎలా

టెక్నో అంటే ఎలక్ట్రానిక్ యంత్రాలతో చేసే నృత్య సంగీతం. చిన్న రికార్డు కంపెనీ నుంచి వచ్చిన పన్నెండంగుళాల టెక్నో రికార్డును మొదటిసారి విన్నవారు తరచు అడిగేది ఒకటే: మొదటి నిమిషమంతా ఉత్త దరువే కదా, పాట ఎప్పుడు మొదలవుతుంది? ఆ నిమిషాన్ని కావాలనే అలా విడిచిపెడతారు. అప్పటికే నడుస్తున్న మరో రికార్డులోకి దీన్ని కలపడానికి డీజేకు ఆ జాగా కావాలి, దీని నుంచి బయటికి వెళ్లడానికి చివర కూడా అంతే జాగా కావాలి. 1980ల మధ్యలో డెట్రాయిట్‌లో జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ మొదలుపెట్టిన ఈ సంగీతం బెర్లిన్‌కు చేరి, 1991లో ట్రెజర్ క్లబ్బు తెరిచిన కాలానికి అక్కడ కూడా వేళ్లూనుకుంది. ఇన్నేళ్లలో యంత్రాలు మారాయి గానీ, రికార్డు తనంతట తాను పూర్తి కాదన్న సంగతి మారలేదు. దానికి ముందు ఒక రికార్డు, తర్వాత ఒక రికార్డు, చుట్టూ ఒక గది ఉంటాయి. వినేటప్పుడు ఆ మూడింటినీ మనసులో పెట్టుకోవాలి.

ముందుగా లెక్క పెట్టండి. ఆదితాళం వేసిన చేతికి ఇది కష్టం కాదు. 8 దరువుల ఆవర్తనాలు నాలుగు కలిస్తే 32 దరువులు, టెక్నోలో మార్పులు ఎక్కువగా ఈ 32 దగ్గరో, అందులో సగమైన 16 దగ్గరో వస్తాయి. నిమిషానికి 130 దరువుల వేగంలో 16 దరువులకు సుమారు 7.4 సెకన్లు పడుతుంది. మార్పు వచ్చినచోటల్లా వేలు మడవండి. కొన్ని రికార్డుల్లో కిక్ డ్రమ్ (అడుగున పడే లోతైన దెబ్బ) నాలుగు మాత్రలకు ఒకసారి పడుతుండగా, సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్యం) ముక్క మూడు మాత్రలకు ఒకసారి పలుకుతుంది. చతురశ్ర గతిలో మూడేసి మాత్రల పదబంధాలు వేసినప్పుడు పుట్టే ఒరిపిడే ఇక్కడా పుడుతుంది, 12 మాత్రలకోసారి రెండూ కలుసుకుని మళ్లీ విడిపోతాయి. ఒకే ముక్క ఆరు నిమిషాలు తిరిగినా విసుగు రాకపోవడానికి ఈ ఒరిపిడి ఒక ముఖ్య కారణం, కాబట్టి కొత్త రికార్డులో నేను ముందుగా దీని కోసమే వెతుకుతాను.

అన్నిటికన్నా ఎక్కువ సమయం బేస్‌కు, అంటే అడుగు ధ్వనులకు, ఇవ్వండి. ఫోన్ స్పీకర్ మీద విని రికార్డును నిర్ణయించకూడదు, ఎందుకంటే 50 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉండే కిక్ అడుగుభాగాన్ని ఆ స్పీకర్ అసలు పలికించలేదు. నేను మొదట్లో అలా కొన్న ఒక రికార్డులో ఫోన్ మీద గట్టిగా టక్‌మన్న కిక్, పెద్ద స్పీకర్ల మీద పొడిగా, పొట్ట లేకుండా వినిపించి బాధ కలిగించింది. మంచి హెడ్‌ఫోన్లలో ఒకసారి, గదిలో స్పీకర్ల మీద ఒకసారి వినండి. గదిలో వినేటప్పుడు ఒకేచోట కూర్చోకుండా నెమ్మదిగా నడవండి. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు కాబట్టి, చిన్న గదిలో గోడ మూలన బేస్ ఉబ్బుతుంది, మధ్యలో ఒక్కోచోట మాయమవుతుంది. నాలుగైదు చోట్ల విన్న తర్వాతే తీర్పు చెప్పాలి.

ఆ బేస్‌లో వినవలసింది దాని బలం ఒక్కటే కాదు, కిక్‌కూ దానికీ మధ్య ఉన్న సర్దుబాటు కూడా. ఇప్పటి రికార్డుల్లో కిక్‌కు ప్రతిధ్వని జోడించి, పై ధ్వనులు తీసేసి, అడుగున ఉరుములాంటి గుంయ్‌కారాన్ని మిగులుస్తారు. కిక్ పడిన క్షణంలో ఆ గుంయ్‌కారం తగ్గి, పడిన వెంటనే పైకి లేస్తే, ఊపిరి తీసి విడిచినట్టు ఉంటుంది. శరీరం దానికే కదులుతుంది. తగ్గకుండా ఒకేలా నిండి ఉంటే పెద్ద స్పీకర్ల మీద దరువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బురదలా తోస్తాయి. రికార్డులను కలిపే మిక్సర్‌లో కుడి ఎడమలను ఒకటి చేసే మీట ఉంటే నొక్కి చూడండి. అప్పుడు ఏదైనా ధ్వని సన్నగిల్లితే, మోనోలో, అంటే కుడి ఎడమలు ఒకటిగా, నడిచే క్లబ్బు స్పీకర్ల మీద కూడా అది సన్నగిల్లుతుంది. వినైల్ రికార్డుకు ఇది మరీ ముఖ్యం: లోతైన బేస్‌లో కుడి ఎడమల తేడా ఉంటే గాడి పైకీ కిందికీ కదిలి ముల్లు ఎగిరిపోగలదు, అందుకే రికార్డులో గాడి కోసేవారు అడుగు ధ్వనులను మోనోగా ఉంచుతారు.

హై-హ్యాట్ (సన్నగా మోగే తాళాల చప్పుడు) సంగతి త్వరగానే తేలుతుంది. 1983లో మొదలైన రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్‌లో కిక్ అనలాగ్ సర్క్యూట్ నుంచి పుడుతుంది, హై-హ్యాట్ మాత్రం 6-బిట్ శాంపిల్, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన డిజిటల్ ధ్వని. ఆ కొంచెం గరుకైన చప్పుడును ఈనాటికీ చాలామంది కావాలని వాడతారు. మీకు తెలిసిన మంచి రికార్డుతో సమానమైన శబ్దస్థాయిలో పది నిమిషాలు వినండి. స్థాయి ఎక్కువగా ఉన్నదే మంచిదని చెవి మోసపోతుంది కాబట్టి సమానం చేయడం తప్పనిసరి. పది నిమిషాలకు చెవుల్లో చురుకు పుడితే, ఆ రికార్డు రాత్రి మూడు గంటల వేళ జనాన్ని అలసటకు గురిచేస్తుంది.

ఇక ముల్లు దించి చూడండి. రికార్డు అంచున గాడి ముల్లు కింద వేగంగా సాగుతుంది, లోపలికి వెళ్లేకొద్దీ ఆ వేగం తగ్గి పై ధ్వనులు మసకబారుతాయి. అందువల్ల ఒక వైపు రెండు ట్రాకులుంటే రెండోదాని హై-హ్యాట్‌ను ప్రత్యేకంగా వినాలి. ఒక వైపంతా ఒకే ట్రాకు ఉంటే గాళ్లు దూరంగా, లోతుగా కోయడానికి చోటు దొరికి, బేస్ నిండుగా వస్తుంది. మధ్యనున్న కాగితం మీద వేగం రాయని రికార్డులు చాలా ఉంటాయి, 33⅓, 45 రెండు వేగాల్లోనూ వినండి. కొన్నింటిలో అంతంలేని గాడి ఉంటుంది: ముల్లు అదే చుట్టులో తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు; నిమిషానికి 133.33 దరువుల వేగంలో సరిగ్గా నాలుగు దరువులు ఆ 1.8 సెకన్లలో పడతాయి. గాడి మూసుకునే చోట అతుకు తెలియకుండా దరువు తిరిగి మొదలవడం వింటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

చివరి పరీక్ష కలపడం. మీకు కంఠతా వచ్చిన పాత రికార్డును ఒక టర్న్‌టేబుల్ మీద, కొత్తదాన్ని మరోదాని మీద పెట్టండి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 మీద వేగాన్ని 8 శాతం అటూ ఇటూ మార్చవచ్చు, అంటే 130 దరువుల రికార్డు సుమారు 120 నుంచి 140 దాకా సాగుతుంది. దరువులు కలిశాక పాతదాని బేస్ తగ్గించి కొత్తదాని బేస్ తెరవండి. ఆ మార్పిడిలో గది నేల బరువు తగ్గినట్టు అనిపిస్తే కొత్తది బలహీనం. బరువు అలాగే ఉండి రంగు మాత్రం మారితే అది పనికొచ్చే రికార్డు. పాటగా విన్నప్పుడు చప్పగా ఉన్న ఎన్నో రికార్డులు ఇక్కడ బతికి లేస్తాయి, అందుకే ఈ పరీక్ష చేయకుండా దేన్నీ తోసివేయవద్దు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి బెర్లిన్‌లో 1989 నుంచి ఉన్న హార్డ్ వ్యాక్స్ వంటి దుకాణం నుంచి తెప్పించుకునేవారికి రికార్డు ధర మీద పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా పడతాయి. వినిపించే నమూనా ఒకటి రెండు నిమిషాలే ఉంటుంది కాబట్టి దాన్ని హెడ్‌ఫోన్లలో మూడు వేర్వేరు రోజుల్లో విని, మూడోరోజు కూడా కావాలనిపిస్తేనే కొనండి. ఈ పరీక్షలన్నీ తక్కువ శబ్దంతోనే చేయవచ్చు. అమెరికా ఉద్యోగ భద్రతా సంస్థ నియోష్ ప్రమాణం ప్రకారం 85 డెసిబెళ్ల దగ్గర 8 గంటలు వినగలిగిన చెవికి 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలే హద్దు, క్లబ్బుకు వెళ్తే ఇయర్‌ప్లగ్గులు జేబులో ఉండాలి.

ఎంచుకున్న రికార్డు కవరు మీద చిన్న కాగితం అంటించి, పెన్సిల్‌తో మూడు సంగతులు రాయండి: ఏ వైపు, నిమిషానికి ఎన్ని దరువులు, ఏ రికార్డు తర్వాత బాగా కలిసింది.