చీపురు ఈనెల కట్టలతో పదుల పాఠం

ఒకటి నుంచి వంద వరకు గడగడా అప్పజెప్పే ఒకటో తరగతి పిల్లవాడి ముందు పదిహేడు చింతపిక్కలు పోసి ఎన్నున్నాయో చెప్పమంటే, వేలు ఒక పిక్క మీద ఉండగానే నోరు రెండు అంకెలు దాటిపోవడం తరచుగా కనిపిస్తుంది. అప్పజెప్పడం వేరు, లెక్కించడం వేరు. ఒక్కో వస్తువుకు ఒక్కో సంఖ్యను జత చేయడం, చివర పలికిన సంఖ్యే మొత్తమని గ్రహించడం, కుప్పను చెదరగొట్టి పరిచినా ఆ మొత్తం మారదని తెలుసుకోవడం అనే మూడూ కుదిరిన తరువాతనే కూడికల జోలికి వెళ్ళాలి. ఇందుకు వామనగుంటల పీట ఒకటి ఉంటే చాలు. గుంటకొక పిక్క చొప్పున వేసుకుంటూ పోయే ఆ ఆటలో నోరు చేతికంటే ముందుకు పరుగెత్తదు.

అసలు చిక్కు పదుల దగ్గర వస్తుంది. విశాఖపట్నంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఇంగ్లీషులో లెక్కలు నేర్చుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. ‘ఫోర్టీన్’ అన్న మాటలో నాలుగు ముందు వినిపిస్తుంది కనుక వారిలో కొందరు 14కు బదులు 41 రాస్తారు. ‘థర్టీన్’, ‘థర్టీ’ల మధ్య తేడా చెవికి అందక తికమకపడతారు. తెలుగులో ఈ బాధ లేదు. పద్నాలుగులో పది ముందు, నాలుగు తరువాత. రాతలోనూ అదే వరుస. పదకొండు, పన్నెండు కొంత రూపు మారినా వాటిలోనూ పదే ముందు నిలుస్తుంది. ఇరవై, ముప్పై, అరవైల పాత రూపాలైన ఇరువది, ముప్పది, అరువదిలను ఒకసారి పలికిస్తే, ఇరువది అంటే రెండు పదులు, ముప్పది అంటే మూడు పదులు అని పిల్లలే పట్టుకుంటారు. అందువల్ల బడి ఏ మాధ్యమంలో నడిచినా పదుల పాఠాన్ని మొదట తెలుగులో చెప్పి, పట్టు దొరికాక ఇంగ్లీషు పేర్లను జోడించడం మేలని నా అభిప్రాయం.

పరికరాలకు ఖర్చు పెట్టనక్కరలేదు. కొబ్బరి చీపురు నుంచి ఈనెలు తీసి, బెత్తెడు పొడవున కత్తిరించి, గుచ్చుకోకుండా కొసలు అరగదీసి, నూట ఇరవై వరకు సిద్ధం చేసుకోవాలి. పది పోగైనప్పుడల్లా రబ్బరు బ్యాండు వేసే పని పిల్లలదే. పెద్దవారు ముందే కట్టి ఇచ్చిన కట్ట పిల్లల కంటికి ఒక వస్తువు మాత్రమే. తాము లెక్కపెట్టి కట్టినదైతే అది ఒకటీ అవుతుంది, పదీ అవుతుంది. ‘ఇరవై మూడు’ అనగానే రెండు కట్టలు, మూడు విడి ఈనెలు తీయాలి, తీసినదాన్ని పలకాలి, పలికినదాన్ని పలక మీద రాయాలి. రాత చివరనే రావాలి. మూడు రోజులకే పుస్తకం నింపించాలన్న తొందర ఇళ్ళలోనే ఎక్కువ.

పది కట్టలను కలిపి పెద్ద కట్టగా కట్టిన రోజు వంద పుడుతుంది. ఇక్కడ మరో పొరపాటు ఎదురవుతుంది: నూట ఐదును చెవికి వినిపించినట్టే 1005 అని రాస్తారు. దానికి తిట్టడం అనవసరం, ఎందుకంటే పిల్ల విన్నది విన్నట్టే రాసింది. 100 అని రాసిన వెడల్పు అట్ట మీద 5 అని రాసిన చిన్న అట్టను కుడి అంచుకు సరిగా ఉంచి చూపితే, చివరి సున్నా మూసుకుపోయి 105 కనిపిస్తుంది. అట్టను ఎత్తి చూస్తే వంద కిందనే ఉంటుంది.

తీసివేతలో ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అనడం మనకు అలవాటు. నాకు ఆ మాట నచ్చదు. అప్పు అన్నాక తీర్చాలి కదా, ఇక్కడ ఎవరూ తీర్చరు. ‘కట్ట విప్పు’ అంటే జరిగేదీ చెప్పేదీ ఒకటే అవుతుంది. 43 నుంచి 17 తీయాలంటే మూడు విడి ఈనెల్లో ఏడు లేవు. ఒక కట్ట విప్పితే మూడు కట్టలు, పదమూడు విడివి అవుతాయి. ఒక కట్ట, ఏడు విడివి తీసేస్తే 26 మిగులుతుంది. ఇది చేతికి వచ్చాక అంకెల మీది కొట్టివేతలు వాటంతట అవే అర్థమవుతాయి.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలని జాతీయ స్థాయిలో 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి ముగిసేసరికి 99 వరకు, రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9999 వరకు సంఖ్యలను చదవడం, రాయడం రావాలి. వీటిని గడువుగా కాక వరుసగా చూడటం మంచిది. 99 దగ్గర కట్టలు కట్టడం రాని పిల్లను 999కి తోయకూడదు.

ఎక్కాలకు వచ్చేసరికి మళ్ళీ తెలుగే ఆదుకుంటుంది. ‘మూడు రెళ్ళు ఆరు’ అన్నప్పుడు ‘రెళ్ళు’ బహువచనం, అంటే రెండేసి చొప్పున మూడు జట్లు. ఈ అర్థం చెప్పకుండా వల్లె వేయించడం వల్లనే, ఎక్కం మధ్యలో ఆపి అడిగితే పిల్లలు మొదటికి వెళతారు. వాకిట్లో ముగ్గుకు చుక్కలు పెట్టేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. అయిదు చుక్కలు, అయిదు వరుసలు అంటే ఇరవై అయిదు అని కంటికి తెలుస్తుంది. నాలుగు చుక్కలు, మూడు వరుసలు పెట్టి, పక్కకు వచ్చి నిలబడి చూస్తే అవే మూడు చుక్కలు, నాలుగు వరుసలు. కొంచెం పెద్ద పిల్లలకు సందు చుక్కల ముగ్గు ఇవ్వవచ్చు: నడుమ ఏడు చుక్కలతో మొదలుపెట్టి, చుక్కల సందుల్లో వరుసకు ఒకటి తగ్గిస్తూ ఇరువైపులా నాలుగు వచ్చే వరకు పెడితే మొత్తం ఎన్ని అని అడిగితే, ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు కొందరు, పై సగాన్ని రెట్టించి నడిమి ఏడును కలిపేవారు కొందరు ఉంటారు. జవాబు 37. ఎలా వచ్చిందో చెప్పించడం మరచిపోవద్దు.

సెలవు రోజున సీతమ్మధార రైతుబజారుకు వెళ్ళినప్పుడు ధరల బోర్డును పిల్లల చేత చదివించండి. కిలో 28 రూపాయలు అని ఉంటే మూడు పదుల నోట్లు ఇప్పించి, చిల్లర ఎంత రావాలో 28 నుంచి ముందుకు లెక్కపెట్టమనండి: ఇరవై తొమ్మిది, ముప్పై, రెండు రూపాయలు. తిరిగి వచ్చేటప్పుడు 28 నంబరు సిటీ బస్సు కనిపించి, ‘ఇందులో ఇరవై ఎనిమిది ఏమున్నాయి?’ అని అడిగితే మాత్రం అది లెక్క కాదని, పేరని చెప్పాల్సి ఉంటుంది.