పైపు పగిలి గాయమైతే ఈఎస్ఐ దరఖాస్తు: చిక్కంతా ప్రమాద నివేదిక దగ్గరే

స్టీమ్ లైన్ పగిలి ఒళ్లు కాలినా, హైడ్రాలిక్ హోస్ (అధిక ఒత్తిడితో నూనె పారే గొట్టం) తెగి చెయ్యి దెబ్బతిన్నా, ఈఎస్ఐలో (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకంలో) ఉన్న కార్మికుడికి పనిలో తగిలిన గాయం కింద డబ్బు వస్తుంది. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా సరే. ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు దీనికి లేదు. ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం 3 రోజులు పనికి వెళ్లలేకపోతే, సగటు రోజు జీతంలో 90 శాతం చొప్పున ఇస్తారు.

ఇన్సూరెన్స్ నంబర్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్లు ఎలాగూ మన దగ్గర ఉంటాయి. లేనిది ప్రమాద నివేదిక, అంటే ఫారం 12. అది యజమాని పంపాలి. దెబ్బ సంగతి తెలిసిన 24 గంటల్లో పంపాలి. అది లేకపోతే పనిలోనే తగిలిందనడానికి రుజువేదని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసు అడుగుతుంది.

ఎక్కువ మోసపోయేది చిన్న గాయాల దగ్గర. హైడ్రాలిక్ లైన్‌లో సూది బెజ్జమంత లీకున్నా నూనె చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది, మొదట్లో నొప్పీ పెద్దగా ఉండకపోవచ్చు. తుడుచుకుని షిఫ్ట్ పూర్తి చేసేస్తారు. వెంటనే ఆపరేషన్ జరగకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. అప్పుడు కంపెనీలో ఉండే ప్రమాదాల రిజిస్టర్ తిరగేస్తే ఆ తేదీన ఏమీ రాసి ఉండదు. అందుకే ఎంత చిన్న గాయమైనా ఆ షిఫ్ట్‌లోనే ఆ రిజిస్టర్‌లో రాయించి, పేజీని ఫోటో తీసుకోండి. మీరు లేవలేని స్థితిలో ఉంటే తోటివారు రాయించవచ్చు.

ఆసుపత్రిలో కంపెనీ వాళ్ల నుంచి ఇంకో మాట వినిపిస్తుంది: "ఇంట్లో వేడినీళ్లు పడ్డాయని చెప్పు, ఖర్చు మేం చూసుకుంటాం." ఒప్పుకోవద్దు. కేస్ షీట్‌లో ఆ ముక్క ఎక్కిందంటే తర్వాత ఎంత మొత్తుకున్నా మార్చడం కష్టం.

యజమాని నివేదిక పంపలేదా? టెన్షన్ పడకండి, హక్కు పోలేదు. జరిగింది తేదీ, సమయంతో బ్రాంచి మేనేజర్‌కు మీరే రాసిచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. కాంట్రాక్టు కార్మికులైతే కాంట్రాక్టర్ పేరుతో పాటు అసలు కంపెనీ పేరూ రాయాలి.

శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు చూసి, సంపాదించే శక్తి ఎంత శాతం తగ్గిందో తేలుస్తుంది. దాన్నిబట్టి నెలనెలా డబ్బు వస్తుంది. ఆ శాతం పెంచిస్తామని గేటు దగ్గర తిరిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు, దరఖాస్తుకు ఫీజే లేదు. బోర్డుకు వెళ్లేటప్పుడు మొదటి రోజు కేస్ షీట్, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు వెంట ఉంచుకోండి.