ఇంట్లో సంగీత సాధనకు పది నిమిషాలు చాలు

కర్ణాటక సంగీతం క్లాసులో చక్కగా పాడే పిల్లలు ఇంట్లో సాధన చేసేటప్పుడు శ్రుతి తప్పుతుంటారు. దానికోసం ఆధార స్వరం మోగించే శ్రుతిపెట్టె కొనక్కర్లేదు, ఫోన్‌లో ఉచిత తంబురా యాప్ పెట్టుకోండి. క్లాసులో ఏ శ్రుతికి పాడుతున్నారో (‘స’ ఎంత ఎత్తులో ఉండాలో చెప్పే అంకె: ఐదా, ఐదున్నరా) టీచర్‌ని అడిగి అదే పెట్టండి.

ముందు 2 నిమిషాలు స, ప, పై స నిలిపి పాడించండి. తర్వాత ఒక్కటే సరళీ వరుస (మొదట నేర్పే స్వరాల పాఠం), ఆదితాళం 8 అక్షరాలూ (తాళం లెక్కలు) చేత్తో వేస్తూ. ఒకటో కాలంలో (అంటే మొదటి వేగంలో) అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మూడోది తడబడితే ఆ రోజుకి వదిలేయండి. రెండో కాలం నిలకడగా వస్తే చాలు, చెవి అక్కడే కుదురుతుంది.

మగపిల్లలకు సాధారణంగా 12–14 ఏళ్ల మధ్య గొంతు మారుతుంది. అప్పుడు పాత శ్రుతిలో బలవంతంగా పాడించొద్దు, టీచర్‌ని అడిగి తగ్గించండి.