ఫ్రీలాన్స్ కండక్టర్‌ని మళ్ళీ పిలిచేది రిహార్సల్ చూసే

విజయవాడలో పదేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు మాంచెస్టర్‌లో ఉంటూ, చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఆర్కెస్ట్రా పిలిస్తే దానికి కండక్ట్ చేస్తున్నాను, అంటే ముందు నిలబడి వాయించేవాళ్ళందరినీ చేతి సైగలతో నడిపిస్తాను. ఈ పనిలోకి ఎలా రావాలని అడిగే పిల్లలు ముందు పోటీల గురించే అడుగుతారు. పోటీలతో దారి దొరికినవాళ్ళు ఉన్నారు. ముంబయిలో పుట్టిన కండక్టర్ జుబిన్ మెహతా 1958లో లివర్‌పూల్ కండక్టింగ్ పోటీ గెలిచాకే అందరికీ తెలిశారు. కానీ నాలాంటివాళ్ళకు అన్నం పెట్టేది అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలు. డాక్టర్లు, టీచర్లు, రిటైరైనవాళ్ళు వారానికో సాయంత్రం ఏ చర్చి హాల్లోనో కలిసి వాయిస్తారు. వాళ్ళకు జీతం లేకపోయినా కండక్టర్‌కి డబ్బిస్తారు. ఒక కచేరీకి వెళ్ళినప్పుడు బాగా చేస్తే మళ్ళీ పిలుస్తారు.

ముందు చెయ్యి. తాళం వేసి పెరిగిన మనకు ఇక్కడ ఒక చిక్కుంది. తాళం వేసే చెయ్యి దెబ్బ పడే క్షణాన్నే చూపిస్తుంది. కండక్టర్ చెయ్యి రాబోయేదాన్ని ముందే చెప్పాలి. బీతోవెన్ ఐదో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన పెద్ద రచన) ఒక చిన్న నిశ్శబ్దంతో మొదలవుతుంది, ఆ తర్వాతే మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. మొదటిసారి నేను ఆది తాళంలా దెబ్బ కొట్టాను. సగంమంది దెబ్బతోపాటు, సగంమంది దాని తర్వాత అందుకున్నారు. ఇప్పుడు ఒక్క ఊపిరి తీసుకుంటూ చెయ్యి పైకెత్తుతాను. ఆ ఎత్తడంలోనే వేగం, బలం రెండూ తెలిసిపోవాలి. అద్దం ముందు కాకుండా, ఒక స్నేహితుణ్ణి వయొలిన్‌తో కూర్చోబెట్టుకుని సాధన చేయండి. నోటితో లెక్క చెప్పకుండా అతను మీతో కలిసి మొదలుపెట్టగలిగితే మీ చెయ్యి పనిచేస్తున్నట్టే.

ఇక రిహార్సల్. దీని మీదే నా ఇంటి అద్దె ఆధారపడి ఉంది. వెళ్ళే ముందు వాయించేవాళ్ళ దగ్గర ఏ ఎడిషన్, అంటే ఏ ప్రచురణ ఉందో కనుక్కోండి. మీ స్కోరులో (అన్ని వాయిద్యాల స్వరాలూ ఉన్న కండక్టర్ పుస్తకం) బార్ నంబర్లుండి (బార్ అంటే మన ఆవర్తనం లాంటి చిన్న కొలత), వాళ్ళ కాగితాల్లో ఎ, బి, సి అక్షరాలే ఉంటే, "ఎక్కడినుంచి?" అన్న ప్రశ్నతోనే సాయంత్రం గడిచిపోతుంది. లీడర్‌కి, అంటే మొదటి వయొలిన్ మనిషికి, వారం ముందే ఫోన్ చేసి బౌయింగ్‌లు, అంటే కమాను ఎప్పుడు పైకి, ఎప్పుడు కిందికి లాగాలో, మాట్లాడుకోండి.

తర్వాత ఎవరు ఎప్పుడు వాయిస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. అదే ఐదో సింఫనీలో మూడు ట్రాంబోన్లు, పికలో, కాంట్రాబసూన్ అనే ఊదే వాయిద్యాలు చివరి భాగంలో తప్ప ఎక్కడా లేవు. మొదటి భాగం నుంచి వరసగా వెళితే, రోజంతా పనిచేసి వచ్చిన ట్రాంబోన్ మనిషి రెండు గంటలు ఊరికే కూర్చోవాలి. అందుకే నేను మూడో భాగం ఆగకుండా నాలుగోదానిలోకి వెళ్ళే చోటునే ముందు పట్టుకుంటాను. నాలుగో భాగం అయ్యాక విరామం ఇచ్చి, ఆ ఐదుగురినీ ఇంటికి పంపేస్తాను. చెప్పిన టైముకే ఆపండి, ఒక్క నిమిషం కూడా దాటవద్దు. ఆగినప్పుడల్లా ఒక్కటే మాట, ఒక్క వాక్యంలో చెప్పండి. "చెల్లోలు (పెద్ద వయొలిన్ లాంటివి), ఇక్కడ ఇంకా తక్కువ శబ్దంతో" అంటే చాలు, బీతోవెన్ జీవితచరిత్ర వద్దు.

డబ్బు సంగతి మొహమాటపడకుండా మాట్లాడండి. ఎన్ని రిహార్సళ్ళు, రైలు ఖర్చు ఎవరిది, కచేరీ రద్దయితే ఎంత ఇస్తారు, ఈ మూడూ ఈమెయిల్‌లో ఉండాలి. ఒకసారి నోటిమాట నమ్మి నాలుగు రిహార్సళ్ళు చేశాను. కచేరీ ఆగిపోయింది, ఒక్క పౌండు కూడా రాలేదు. చాలా బాధపడ్డాను. ఇక్కడ సొంతంగా పనిచేసేవాళ్ళు ఆన్‌లైన్‌లో టాక్స్ రిటర్న్ వేయడానికి గడువు జనవరి 31. రైలు టికెట్లు, స్కోర్ల బిల్లులు దాచుకోండి.

కచేరీ రోజున చప్పట్లలో ఎవరిని ముందు లేపి నిలబెట్టాలో స్కోరు చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకోండి, ఆ హడావిడిలో గుర్తుండదు. ఐదో సింఫనీ మొదటి భాగం మధ్యలో ఆర్కెస్ట్రా అంతా ఆగిపోయి, ఓబో అనే ఊదే వాయిద్యం ఒక్కటే కొన్ని క్షణాలు పాడుతుంది. అక్కడ నేను చెయ్యి దించేసి వింటాను. నా పేజీలో మొదటి పేరు ఆ ఓబో మనిషిదే.